బస్తాలో ఏముందో మనకు చెప్పాలి
(కోళ్ల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



కోడికి ప్రోబయోటిక్ అంటే మనకు పెరుగు లాంటిది. లాక్టోబాసిల్లస్, బాసిల్లస్ వంటి మంచి బ్యాక్టీరియా పేగులో చేరి చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తాయి. రెట్ట గట్టిగా ఉంటే లిట్టరు పొడిగా ఉంటుంది, తిన్న దాణా ఒంటికి పడుతుంది.

కానీ అది ప్రాణమున్న సరుకు. కాంట్రాక్టులోకి రాకముందు నేను సొంత డబ్బుతో కొని, బ్లీచింగ్ కలిపిన ట్యాంకులోనే పోశాను. పౌడరూ పోయింది, డబ్బూ పోయింది. క్లోరిన్‌కు మంచీ చెడూ తెలియదు కదా! చాలా యాంటీబయోటిక్‌లతోనూ అదే తంటా. పెల్లెట్ దాణాలో కలపాలంటే ఆ వేడికి బాగా తట్టుకునేవి ముఖ్యంగా గట్టి పెంకు కట్టుకునే బాసిల్లస్ వంటి రకాలు.

ఇప్పుడు అసలు సంగతి. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, చాకిరీ మనవి. ఎఫ్.సి.ఆర్. పెరిగితే మాత్రం కోత మన గ్రోయింగ్ చార్జీలోనే. అలాంటప్పుడు దాణాలో ఏం కలిపారో మనకు చెప్పొద్దా? కొలిస్టిన్ యాంటీబయోటిక్‌ను కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లోనే నిషేధించింది. కలిపినవన్నీ బస్తా మీద తెలుగులో రాయాలని అడుగుదాం. ఈ నెల బ్యాచ్ ఎత్తినవాళ్లు సెటిల్‌మెంట్ కాగితం జిరాక్సు, ఖాళీ బస్తా ఒకటి సంఘం ఆఫీసుకు తీసుకురండి.