బిగుసుకొనిపోయిన బోల్టును తీయు విధము



మోటారుసైకిలు మరమ్మతును గూర్చి పంచాయతీవారితో ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. నేడు గ్రామములలో పాలు కేంద్రమునకు చేర్చుటకును, ఎరువు బస్తా పొలమునకు తీసికొనిపోవుటకును, అర్ధరాత్రి వేళ రోగిని ఆసుపత్రికి కొనిపోవుటకును మోటారుసైకిలే ఆధారముగా నున్నది. దానిని బాగుచేయు కుర్రవాడు కూడలిలో రేకుల పాక క్రింద పని నేర్చినవాడు. వాని చేతిలో చిన్న బోల్టొకటి తెగినచో ఒక్కొక్కప్పుడు ఇంజను పెంకే మార్చవలసివచ్చును. పేద కుటుంబమునకు అది చిన్న నష్టము కాదు.

ఇనుము తుప్పుపట్టినపుడు ఆ తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. మరల నడుమనుండు సన్నని సందులలో అది నిండి, చీల దిగగొట్టినట్లు పట్టివేయును. ఇంజను పెంకు అల్యూమినియము, బోల్టు ఉక్కు. ఈ రెండును తడిలో కలిసియున్నచో అల్యూమినియము క్షయించి తెల్లని పొడియగును; అదియు సందులలో గట్టిపడును. ఉప్పుగాలి వీచు సముద్రతీర గ్రామములలో ఈ బాధ మరింత అధికము.

ఇట్టి బోల్టు కనబడగానే స్పానరుకు పొడవాటి పైపు తొడిగి లాగుట మన దుకాణములలో వాడుక. ఆ పద్ధతిని మేము ఒప్పము. 6 మిల్లీమీటర్ల బోల్టు బిగించుటకు, మీటరు పొడవు కడ్డీ చివర ఒక కిలో బరువు వ్రేలాడదీసినంత బలము చాలును. పైపుతో లాగినచో అది తిరుగుటకు మారుగా తెగును.

ముందుగా ఇనుప బ్రష్షుతో మట్టిని, పైతుప్పును రాల్చవలెను. డీజిలును ఇంజను ఆయిలును కలిపి గాని, అంగడిలో దొరకు తుప్పు వదల్చు నూనె గాని మరల మొదట పోసి, రాత్రియంతయు నాననీయవలెను. ఉదయమున బోల్టు తలపై నిలువుగా కొన్ని మితమైన సుత్తి దెబ్బలు వేసినచో తుప్పు పగిలి నూనె లోనికి దిగును. ఆరు మూలలు గల సాకెట్టునే వాడుడు. వదులు స్పానరు తలను గుండ్రము చేయును. మద్రాసులో 1955లో ఆరంభమైన బుల్లెట్టు పాత బండ్లకు అంగుళముల కొలత స్పానర్లు కావలెను. మిల్లీమీటర్ల స్పానరు దగ్గరగా సరిపోయినట్లే తోచి మోసము చేయును.

మొదట బోల్టును కొంచెము బిగింపు వైపునకే కదిలించి, పిమ్మట విప్పు వైపునకు త్రిప్పవలెను. కదిలినంతనే తొందరపడక, కొంత వెనుకకు, కొంత ముందునకు త్రిప్పుచు నూనె పోయుచుండవలెను. మర ఏ వైపునకు విప్పునో ముందే చూచుకొనుటయు మేలు. సైకిలు ఎడమ పెడలు ఎదురు మర గలదని ఎరుగనివారు లేరు. కొన్ని యమహా బండ్ల కుడివైపు అద్దమునకును అట్టి మరయే.

అప్పటికిని రానిచో వేడి చేయవలెను. ఉక్కుకంటె అల్యూమినియము వేడికి దాదాపు రెట్టింపు వ్యాకోచించును. కాబట్టి బోల్టు చుట్టునున్న పెంకును వేడి చేసినచో రంధ్రము విప్పారి పట్టు సడలును. అయితే పెట్రోలు ట్యాంకును విప్పి దూరమునకు చేర్చనిదే మంటను దగ్గరకు రానీయరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలనంటి ప్రాకి, దూరమున నున్న నిప్పును కూడ అందుకొనును. ముందు పోసిన డీజిలును సైతము తుడిచివేయవలెను.

తల తెగి మొండెము మిగిలినచో దానిపై ఒక నట్టును వెల్డింగు చేసి త్రిప్పవచ్చును. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పుట మరువరాదు. మొండెము లోపలనే యుండిపోయినచో పనితనము గల లేతు దుకాణమునకు పంపుడని మా సలహా. డ్రిల్లు వేసి లోనికి దింపు తీతకడ్డీ మిక్కిలి కఠినమైన ఉక్కు. అది లోపల విరిగినచో దానిని డ్రిల్లు చేయుట దుస్సాధ్యము.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలులో త్రాగునీటితోపాటు సాంకేతిక శిక్షణను కూడ పంచాయతీల విషయములలో చేర్చినది. ఊరి మెకానిక్కుకు నేర్పిన ఈ పని చేతిపంపునకును ఉపయోగపడును. ఇండియా మార్కు-2 పంపు తల బోల్టులు 12 మిల్లీమీటర్లవి. వానికి 19 నెంబరు స్పానరు పట్టును. అచట మాత్రము డీజిలు, ఇంజను ఆయిలు వాడరాదు, త్రాగునీటిలో పడును. జింకు పూత గలదు గనుక మంట పెట్టినచో వెలువడు పొగవలన జ్వరము వచ్చును. రాని బోల్టును రంపముతో కోసి క్రొత్తది వేయుటయే చౌక. కోయునపుడు బోరులో ముక్కలు పడకుండ గుడ్డ అడ్డము పెట్టి, పని ముగిసిన పిదప ఆ గుడ్డను తీసితిరా లేదా యని చూచుకొని మూత బిగింపుడు.