నొప్పి మందు అడగటం తప్పు కాదు



వైద్య సహాయం కోరి మన సంఘానికి వచ్చే అర్జీలలో క్యాన్సరు రోగులవి కూడా ఉంటాయి. మద్రాసు అడయారుకో, వేలూరుకో, తిరుపతికో పోను ఛార్జీలు అడుగుతారు, స్కానింగుకు అడుగుతారు. నొప్పికి మందు ఇప్పించండని మాత్రం రాయరు. నొప్పి లేకనా? రాత్రంతా మంచం పట్టె పట్టుకొని మూలిగే మనిషి ఇంట్లోనే ఉంటాడు. ఆ జబ్బంటే అంతేలే, ఓర్చుకోవాలి అని మనమే సర్దిచెప్పుకుంటున్నాము. నేడు మేము మనవి చేయదలచినది ఈ సంగతే.

క్యాన్సరు నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ బిళ్ళ ఉంది. అది నల్లమందు నుంచి తీసేది. ఆ నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ లలో సర్కారు లైసెన్సు మీద పండుతుంది. ఘాజీపూర్, నీమచ్ లలో సర్కారు ఫ్యాక్టరీలున్నాయి. విదేశాలకు కూడా పంపుతాము. పండించే దేశంలో రోగికి బిళ్ళ దొరకదంటే వింత కాదా?

కారణం చట్టమే. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. దొంగ వ్యాపారం చేసేవాళ్ళను పట్టటానికి వచ్చిన చట్టమే, తప్పు పట్టలేము. కాని అందులో చాలా నేరాలకు కనీసం 10 ఏళ్ళ జైలు పెట్టారు. ఆసుపత్రి మార్ఫిన్ పెట్టుకోవాలంటే ఎక్సైజు వారి వద్ద ఒక లైసెన్సు, మరొక చోట మరొకటి, ఒకటి చేతికొచ్చేలోపల ఇంకొకదాని గడువు తీరిపోయేది. మందుల షాపుల వాళ్ళు ఎందుకొచ్చిన గొడవ అని మానుకున్నారు. డాక్టర్లు రాయటం మానుకున్నారు. 1985 తరువాత దేశం మొత్తంమీద మార్ఫిన్ వాడకం తగ్గుతూ వచ్చి, 1997కు 18 కిలోలకు పడిపోయింది! ఆ పన్నెండేళ్ళలో చదువుకొని బయటికి వచ్చిన డాక్టర్లలో చాలామంది ఆ బిళ్ళను కంటితో చూడనే లేదు. భయం అట్టా తరం నుంచి తరానికి దిగింది.

కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ గారు, మరికొందరు కలిసి 1993లో కాలికట్టులో ఒక సంఘం పెట్టి, నయం కాని రోగుల నొప్పి చూడటం మొదలుపెట్టారు. ముస్లింలు ఎక్కువగా ఉన్న మలప్పురం జిల్లాలో మన సంఘం లాంటి మామూలు జనమే చందాలు వేసుకొని, నర్సును వెంటబెట్టుకొని ఇంటింటికి పోతున్నారు. 2008లో ఆ రాష్ట్రం ఇందుకని ఒక విధానమే ప్రకటించింది. దేశంలో అదే మొదటిది. హైదరాబాదు రెడ్ హిల్స్ లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా ఈ విభాగం ఉంది.

2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్ వగైరా 6 మందులను అత్యవసర మందులుగా వేరు చేశారు. 2015లో నియమాలు వచ్చాయి. ఇప్పుడు పది చోట్ల తిరగనక్కరలేదు. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ గుర్తింపు ఒక్కటి చాలు. నొప్పి చికిత్సలో శిక్షణ పొందిన డాక్టరు ఒకరుండాలి, లెక్కలు సరిగా రాయాలి. అంతే! చట్టం తలుపు తీసి పెట్టింది. ఆసుపత్రి దరఖాస్తు పెట్టుకోకపోతే, అడిగే నాథుడు లేకపోతే ఆ తలుపు తీసి ఏం లాభం?

అలాగని ప్రతి నొప్పికీ మార్ఫిన్ అనటం లేదు. అమెరికాలో నడుము నొప్పికి, పంటి నొప్పికి కూడా ఈ జాతి బిళ్ళలు రాసి, కంపెనీలు వ్యసనం భయం లేదని నమ్మబలికి, లక్షల ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన దేశంలోనూ ట్రమడాల్ బిళ్ళను మత్తుకు వాడుతున్నారని 2018లో దానిని కూడా ఈ చట్టం కిందికి తెచ్చారు. మంచిదే. మోకాళ్ళ నొప్పికి వ్యాయామం, బరువు తగ్గటం మేలు. నరాల మంటకు వేరే మందులున్నాయి. ఎముకకు పాకిన క్యాన్సరుకు ఒక్కసారి కరెంటు పెడితేనే చాలామందికి నొప్పి తగ్గుతుంది. షాపులో అడిగి తెచ్చుకొనే రంగు రంగుల నొప్పి బిళ్ళలను నెలల తరబడి మింగితేనే ప్రమాదం; కడుపులో పుండు, కిడ్నీల చేటు. వాటికి భయపడని మనం మార్ఫిన్ పేరు వింటే ఉలిక్కిపడతాము!

ఇంట్లో పెద్దవాళ్ళు, "అది నషా గదా బేటా, హరామ్ కదా?" అంటారు. అడగవలసిన మాటే. నషా కోసం తీసుకోవటం వేరు, వేరే మందుకు లొంగని నొప్పికి డాక్టరు కొలిచి ఇచ్చింది తీసుకోవటం వేరు. జరూరత్ అన్న సూత్రం మన ఫిఖ్‌హ్ లో ఉన్నదే; సందేహముంటే మీ మసీదు ఇమామ్ సాహెబ్ గారిని అడగండి. "ఇక రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి ఇస్తున్నారు" అన్న మాట కూడా నిజం కాదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నొప్పికి తగ్గట్టు పెంచుతారు. నిద్రపట్టి, నాలుగు ముద్దలు తిని, మనవడితో మాట్లాడిన మనిషి అదే బిళ్ళతో నెలల తరబడి ఉండవచ్చు. మలబద్ధకం మాత్రం తప్పదు. దానికి మందు మొదటి రోజు నుంచే అడగాలి. బిళ్ళలు పిల్లలకు అందకుండా బీరువాలో తాళం వేసి, మిగిలితే ఆసుపత్రికి తిరిగి ఇవ్వాలి.

మైపాడు, ఇందుకూరుపేట, కోట, వాకాడు వైపు నుంచి మంచం పట్టిన మనిషిని బస్సులో ఎక్కించి మద్రాసు తీసుకుపోవటం ఎంత కష్టమో ఈ సభలో చాలామందికి తెలుసు. అందుకే ఒక అర్జీ రాశాము. జిల్లాలో ఏయే ఆసుపత్రులకు మార్ఫిన్ గుర్తింపు ఉన్నదో జనానికి తెలిసేట్టు బోర్డు పెట్టాలనీ, లేనివి దరఖాస్తు పెట్టుకోవాలనీ, కావలి, గూడూరు వంటి చోట్ల ఒక్కొక్క డాక్టరుకైనా శిక్షణ ఇప్పించాలనీ అందులో అడిగాము. కాగితం కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. ఆడవాళ్ళు కూడా సంతకం పెట్టాలి. రాత్రిళ్ళు రోగి పక్కన మేలుకొనేది ఎక్కువగా వాళ్ళే గదా.