మేజరు మనది, మైనరు కూడా మనదే
(ఇంటరు పాసైన దళిత విద్యార్థులు, వారి తల్లిదండ్రులతో పామూరులో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



మన పిలకాయలు ఇంటరు గట్టెక్కారు. ఇప్పుడు డిగ్రీలో ఏం తీసుకోవాలి? ఈ ప్రశ్న మన వాడల్లో ఎవరూ అడగరు. ఏ కాలేజీ అని అడుగుతారు, ఫీజెంత అని అడుగుతారు, బస్సుందా అని అడుగుతారు. ఏం చదవాలన్నది మాత్రం కాలేజీ వాళ్ల మాటకో, నెట్ సెంటరు కుర్రాడి చేతికో వదిలేస్తాం. తూర్పు బజారులో ఆ మాట ఇంటరు మొదటి ఏడాదే తేలిపోతుంది. వాళ్ల ఇంట్లో ఒక డాక్టరో లాయరో బ్యాంకు మేనేజరో ఉంటాడు, భోజనాల కాడ కూర్చుని చెబుతాడు. మనకు చెప్పేవాడు లేడు. అందుకే ఈ పూట ఈ చెట్టు కింద కూర్చున్నాం.

మా ఇళ్లల్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. మా అమ్మానాన్నలు పొగాకు బ్యారన్ల కాడ, కంది చేలల్లో కూలికి పోయి చదివించారు. మేము అప్లికేషను పట్టుకుని పోతే కౌంటరు కాడ ఉన్న పెద్దమనిషి మా మొహం చూసి, మా సర్టిఫికెట్టు చూసి, "మీకు సైన్సెందుకబ్బా, బి.ఏ. తీసుకోండి, సులువుగా పాసవుతారు" అన్నాడు. ఆయన మాటలో మన్నన లేకపోలేదు. మన మెదడుకి కొలత మాత్రం ఆయనే వేశాడు. బి.ఏ. తక్కువ చదువని మేము అనడం లేదు. ఎవరు ఎంచారన్నదే మా అభ్యంతరం.

సబ్జెక్టు ఎంచుకోవడమంటే ఏమిటో బాబాసాహెబ్ జీవితంలో చూడండి. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో ఆయన సంస్కృతం చదువుతానంటే కుదరదన్నారు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. అంటరాని పిల్లవాడికి వేద భాషా అని. అదే మనిషి 1946లో వేదాల్నీ స్మృతుల్నీ తూర్పారబట్టి 'శూద్రులెవరు?' అనే గ్రంథం రాశారు. తలుపు మూసినవాళ్లకి దానికి జవాబు నేటికీ లేదు.

1913లో బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఆయన అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ కోర్సులు ఎవరికి వారు ఎంచుకోవచ్చు. ఆయన ఏం ఎంచుకున్నారో లెక్క ఉంది. ఎకనామిక్సు 29, చరిత్ర 11, సోషియాలజీ 6, ఫిలాసఫీ 5, మానవశాస్త్రం 4, రాజనీతి 3, ఫ్రెంచి ఒకటి, జర్మను ఒకటి. మొత్తం 60. ఈ లెక్కని మీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి పిలకాయలూ. ఇప్పటి భాషలో చెబితే ఆయన మేజరు ఎకనామిక్సు. అందులోంచే ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద ఎం.ఏ. పరిశోధన వచ్చింది, 1923లో 'రూపాయి సమస్య' వచ్చింది. మరి మానవశాస్త్రం? నాలుగే నాలుగు కోర్సులు. పక్క సబ్జెక్టు. కానీ 1916 మే 9న గోల్డెన్‌వైజర్ అనే ప్రొఫెసరు సెమినారులో 'భారతదేశంలో కులాలు' అనే పత్రం చదివింది ఆ పక్క సబ్జెక్టులోనే. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. కులం గోడలు నిలబడేది తమ కులంలోనే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటు మీదనే అని ఆ పత్రంలో తేల్చారు. నూరేళ్లు దాటినా మనం దాన్నే చదువుకుంటున్నాం. కూడు పెట్టే సబ్జెక్టు ఒకటి తీసుకున్నారు, తనని అంటరానివాణ్ణి చేసిందేదో విప్పి చూపే సబ్జెక్టు ఇంకొకటి తీసుకున్నారు. మన పిలకాయలు కూడా ఇట్లాగే ఎంచుకోవాలని మా వాదన.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. పాత రోజుల్లో డిగ్రీ అంటే మూడు సబ్జెక్టుల గ్రూపు, ఎం.పి.సి. గానీ బి.జెడ్.సి. గానీ హెచ్.ఇ.పి. గానీ. 2015-16 నుంచి క్రెడిట్లు, సెమిస్టర్లు, ఎంపికలు అన్నారు. 2023-24లో ఒకే మేజరు అన్నారు, దానికి తోడు రెండో సెమిస్టర్లో ఒక మైనరు ఎంచుకోమన్నారు. నిబంధనలు మారుతూనే ఉన్నాయి. కాబట్టి అన్న చదివిన పద్ధతే తమ్ముడికి ఉంటుందనుకోవద్దు. మీరు చేరే ఏడాది నోటిఫికేషనులో ఏముందో అదే మీకు చట్టం. మన ప్రాంతపు కాలేజీలు అంతకుముందు నాగార్జున యూనివర్సిటీ కింద ఉండేవి, 2022లో ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ పెట్టారు. సిలబస్సు కావాలంటే యూనివర్సిటీది అడగండి. కాలేజీ వాళ్లు అచ్చేసి పంచే రంగు కాగితంలో ఉండేది బిల్డింగు ఫొటో.

పేరుకి ఎంపిక ఉంది, నిజంగా ఉందా? ఒక కాలేజీలో మేజర్ల పట్టిక గోడ నిండా ఉంటుంది. లోపలికి పోతే చెప్పేవాళ్లు ఇద్దరో ముగ్గురో. మైనరు దగ్గరకొచ్చేసరికి "ఈ సెక్షనంతా ఇదే" అంటారు. దాన్ని ఎంపిక అనరు. అందుకే చేరకముందే మూడు మాటలు అడగండి. ఈ సబ్జెక్టు చెప్పే లెక్చరరు ఉన్నాడా, ఆయన ఆ సబ్జెక్టే చదివాడా? ల్యాబు ఉందా, ఉంటే తాళం తీస్తారా? పోయిన ఏడు ఈ సబ్జెక్టులో ఎంతమంది కూర్చున్నారు, ఎంతమంది పాసయ్యారు? ఈ మూడింటికీ జవాబు చెప్పని చోట ఎంత పెద్ద పేరున్న కోర్సు అయినా వద్దు. డేటా సైన్సు, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్సు అని బోర్డులు కడుతున్నారు. మంచి చదువులే. కాని కంప్యూటరు ముట్టకుండా మూడేళ్లు నోట్సు రాసుకుని బయటికొస్తే ఆ పట్టా ఏం చేసుకోవాలి?

ఇంకో సంగతి గట్టిగా చెబుతున్నాం. ఇప్పుడు సీట్లు ఆన్‌లైనులో ఇస్తున్నారు, వెబ్ ఆప్షన్లు పెట్టాలి. కాలేజీల తరఫున తిరిగే మనుషులు పల్లెల్లోకి వస్తారు. హాల్‌టికెట్టు నంబరు అడుగుతారు, ఫోనుకొచ్చిన ఓటీపీ అడుగుతారు. ఓటీపీ చెప్పారంటే మీ పిల్లవాడి మూడేళ్లు అమ్ముడైపోయినట్టే. బస్సు ఉచితమన్నా, బ్యాగు ఇస్తామన్నా ఇవ్వొద్దు. ఆప్షన్లు పెట్టేటప్పుడు పిల్ల గానీ పిల్లవాడు గానీ స్క్రీను ముందు కూర్చోవాలి. పక్కన మేము కూర్చుంటాం.

ఇక సబ్జెక్టులు. కామర్సు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ట్యాలీ, జీఎస్టీ చేత్తో నేర్పే చోట తీసుకుంటే పని దొరుకుతుంది. అంతకన్నా మాకు నచ్చిందేమిటంటే, వడ్డీ లెక్క తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే నూటికి మూడు, నూటికి అయిదు అని నోటి మాటగా రాసుకునే షావుకారు కాస్త ఆలోచిస్తాడు.

కెమిస్ట్రీ అంటే మన వాళ్లు భయపడతారు. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లని చూడండి, కొందరి మోకాళ్లు వంగవు, నడుము నిటారుగా నిలవదు. పిల్లల పళ్లు చూడండి, పచ్చగా గారలు కట్టి ఉంటాయి. ఇది దేవుడి శాపం కాదు, ఫ్లోరిన్. కనిగిరి, పామూరు పక్కల రాతి పొరల్లోంచి బోరు నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదని ప్రమాణం. మన వాడ బోరులో ఎంతుందో కొలిచి కాగితం మీద పెట్టేది ఎవరు? ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు ముందు ఎవరి వీధిలో నిండుతుంది, మన వీధిలోకి ఎప్పుడొస్తుంది అన్నది మనకు కంటికి కనిపిస్తూనే ఉంది. కానీ మండలాఫీసులో మన కేక వినరు, అంకె వింటారు. ఆ అంకె తీసే పిల్లలు మనకు కావాలి. మార్కాపురం పక్క నుంచి వచ్చిన తమ్ముళ్లకి జియాలజీ దొరికితే వదలొద్దంటాం. పలకల గనుల్లో రాయి కోసింది మనవాళ్లు, దుమ్ము పీల్చింది మనవాళ్లు. ఆ రాయి విలువ లెక్కకట్టేది ఇంకొకరు.

హిస్టరీ, పాలిటిక్సు 'సులువు సబ్జెక్టులు' అని మనకి అంటగట్టారు. చదివితే అవి అంత సులువు కావు. మన చేతిలో డీ పట్టా భూములున్నాయి. 1977లో వచ్చిన 9వ నంబరు చట్టం ఆ భూమి కొన్నా అమ్మినా చెల్లదంది, పోయిన భూమిని పట్టాదారుకి తిరిగి ఇప్పించే దారి పెట్టింది. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూములు అమ్ముకోవచ్చన్నారు. ఈ సవరణ మనకి మేలా, కొనేవాడికి మేలా? చట్టం చదివినవాడే చెప్పగలడు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. పదహారేళ్లు, ఆపైన ఏడేళ్లు. ఎఫ్.ఐ.ఆర్. ఎట్లా రాయాలో, సాక్ష్యం ఎట్లా నిలబడాలో తెలిసిన మనవాళ్లు ప్రతి మండలంలో ఉండాలి. పాలిటిక్సు మేజరు చేసి లా సెట్ రాసేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి... ఇద్దరేనా? సరే, ఇద్దరితో మొదలుపెడదాం. ఏపీపీఎస్సీ గ్రూపు-2 రాసేవాళ్లకి కూడా చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికమే ముఖ్యం, కాబట్టి కూడుకీ లోటు లేదు.

మమ్మల్ని మైనరు ఒకటే చెప్పమంటే స్టాటిస్టిక్సు అంటాం. ఏ మేజరుకైనా అతుకుతుంది. ఉపాధి హామీలో నూరు రోజులన్నారు, మన వాడకి ఎన్ని రోజులు దక్కాయి? హాస్టల్లో సీట్లెన్ని, పిల్లలెందరు? ఇన్నాళ్లూ మన లెక్క వేరేవాళ్లు వేశారు.

సంస్కృతం మాట కూడా చెప్పాలి. ఇంటరులో ప్రైవేటు కాలేజీలు మన పిల్లల్ని సెకండు లాంగ్వేజిగా సంస్కృతంలో కూర్చోబెడుతున్నాయి. బాబాసాహెబ్‌కి ఇవ్వమన్న చదువు మనకి పిలిచి ఇస్తున్నారని మురిసిపోకండి. అది మార్కుల కోసం. రెండేళ్లు చదివినా ఒక శ్లోకానికి అర్థం చెప్పలేరు, ఈలోపు తెలుగులో ఒక అర్జీ రాయడం కూడా పోతుంది. నిజంగా మనుస్మృతిని మూలంలో చదివి నిలదీస్తానంటే ఆ పిల్లకి దండం పెడతాం. పక్కనున్న వినుకొండలో పుట్టిన జాషువా ఎన్ని అవమానాలు పడి ఉభయభాషాప్రవీణ అయ్యాడో, ఆ చదువుతో ఎవరిని నిలదీశాడో మనకు తెలుసు. మార్కులకైతే తెలుగే చాలు.

పంతుళ్లం కావాలనుకునేవాళ్లు జాగ్రత్త. బి.ఇడి.లో ఏ మెథడాలజీ ఇవ్వాలన్నది డిగ్రీలో ఏం చదివావన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకే మేజరు పద్ధతిలో ఇది ఇంకా చిక్కు. ఎడ్‌సెట్, డీఎస్సీ పాత నోటిఫికేషన్లు చూసి, ఆ తర్వాతే మైనరు ఎంచండి.

2020-21 నుంచి మన డిగ్రీల్లో సమాజ సేవా ప్రాజెక్టు అని పెట్టారు, పల్లెకి పోయి సర్వే చేసి రాయాలి. చాలామంది ఎవరిదో చూసి కాపీ కొట్టి ఇచ్చేస్తారు. మన పిల్లలు ఆ పని చేయొద్దు. మీ వాడ బోరు నీళ్ల మీద రాయండి, డీ పట్టాల మీద రాయండి, హైదరాబాదు, బెంగళూరు వలసపోయిన ఇళ్ల మీద రాయండి. మార్కులూ వస్తాయి, ఆ కాగితాలు మన ఉద్యమానికీ పనికొస్తాయి. నకలు ఒకటి మాకు ఇవ్వండి. కాలేజీలో లేని సబ్జెక్టు కావాలంటే స్వయం అని కేంద్రం పెట్టిన ఆన్‌లైను కోర్సులున్నాయి, వినడానికి డబ్బు కట్టక్కర్లేదు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం నూటికి నలభై వరకూ క్రెడిట్లు అట్లా తీసుకోవచ్చు, మీ కాలేజీ ఒప్పుకోవాలి మరి. అడగండి, రాతపూర్వకంగా అడగండి.

ఆడపిల్లల తల్లులకి ఒక మాట. "దగ్గర కాలేజీలో ఏది ఉంటే అది" అనకండమ్మా. అబ్బాయిని ఒంగోలు పంపడానికి గొర్రెని అమ్ముతారు గదా, అమ్మాయికీ హాస్టలు అప్లికేషను పెడదాం. మేము వెంట వస్తాం.

ఇక్కడ బల్ల మీద సిలబస్సు కాగితాలు పెట్టాం, తెలుగులో రాసి జెరాక్సు తీయించాం. ఇంటికి తీసుకుపోయి రాత్రికి గట్టిగా చదవండి, ఇంట్లో చదువురాని వాళ్లు కూడా వినేట్టు. ఆప్షన్లు తెరిచిన రోజు ఇంటరు మెమో, కుల ధృవీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఆధారు, ఆ నంబరున్న ఫోను తీసుకుని ఇక్కడికే రండి. అందరం కలిసే పెడదాం. ఆ లా సెట్ ఇద్దరూ మాత్రం ఇప్పుడే ఆగండి, మాట్లాడాలి.

జై భీమ్!