శిష్యత్వము – యువజనులు

యువజనులను సంఘకార్యములోనికి పిలుచుట సులభము, నిలుపుట కష్టము. క్రిస్మసుకు ముందు రాత్రులలో లాంతరులు పట్టుకొని ఇంటింటికి పాడుచు తిరుగు పిల్లలకు మన కాకినాడలో కొరత లేదు. జనవరి వచ్చి, ఆదివారపు బడిలో చిన్నవారికి పాఠము చెప్పుడని అడిగినపుడు మాత్రము ఇద్దరు దొరకుట గగనమగును. “ఈ కాలపు కుర్రవాండ్రకు పట్టుదల లేదు” అని పెద్దలు పెదవి విరతురు. ఆ మాట ఎంతవరకు న్యాయము?

ఈ ఊరి చరిత్రలోనే ఒక మనిషి కలడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము రేగి అచటి ప్రత్తి ఇంగ్లండునకు అందకపోగా, మన ప్రత్తికి గిరాకి హెచ్చి కాకినాడ రేవు పెరిగినది. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికే పూర్తియై, కాలువలపై పడవలు సరకు తెచ్చుచుండెను. అట్టి దినములలో తంతి శాఖ ఉద్యోగమనగా సామాన్యము కాదు. నెల తిరుగగనే జీతము, నలుగురిలో గౌరవము. థామస్ గాబ్రియేలు అను తెలుగువాడు అట్టి ఉద్యోగమును విడిచి, ఏ విదేశ సంఘపు జీతమును లేకయే, కాకినాడలో బాప్టిస్టు సువార్తసేవకు పూనుకొనెను.

చేతిలోని సొమ్ము ఎన్నాళ్లు వచ్చును? ఇబ్బందులు చుట్టుముట్టగా, అప్పటికి దక్షిణమున అమెరికను బాప్టిస్టులతో కలిసి పనిచేయుచున్న కెనడా మిషనరీ జాన్ మెక్లారిన్ సాయము కోరెను. కెనడా సంఘములు సమ్మతించినవి. 1874 మార్చిలో మెక్లారిన్ ఇచటికి వచ్చెను. ఏడాది నిండక పూర్వమే గాబ్రియేలు కన్నుమూసెను. మెక్లారిన్ పేర మన ఊర ఉన్నత పాఠశాల కలదు; 1885లో ఇచటనే మరణించిన టింపనీ పేర విశాఖపట్నమున పాఠశాల కలదు. వారు అందుకు అర్హులే. కాని, ముందుగా దున్నినవాని పేరు ఎందరు పిల్లలకు చెప్పితిమి?

లూకా సువార్త 14వ అధ్యాయమున, గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని క్రీస్తు చెప్పెను. ఈ ఉపమానమును మనము యువకుని ముఖము మీదనే చదువుదుము. గాబ్రియేలు తన వంతు లెక్క చూచుకొన్నాడు, జీతము వదలుకొన్నాడు. లెక్క చూచుకొనవలసినవారు ఇంకను కొందరుండిరని నా తలంపు.

దీనికి ఎదురుగా అజరయ్యగారిని చూడుడు. ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా యువజనుల నడుమ తిరిగిన తమిళుడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించిరి. స్థాపకులలో ఆయన యొకరు. 1909లో తానే దోర్నకల్లుకు వచ్చి తెలుగువారి నడుమ కాపురముండెను, 1912లో బిషప్పయ్యెను. త్యాగము ఇచటను కలదు. అయితే ఆ త్యాగము వెనుక, పిడికెడు బియ్యము తీసి పెట్టిన గృహిణులు సహా, ఒక సంఘమంతయు నిలిచినది.

1881లో అమెరికాలోని పోర్ట్‌లండు పట్టణమున ఫ్రాన్సిస్ క్లార్కు అను పాదిరి యువజనులకై క్రిస్టియన్ ఎండెవర్ సమాజము నెలకొల్పెను. అందరు దాని ప్రతిజ్ఞను పొగడుదురు. నాకు నచ్చినది ప్రతిజ్ఞ కాదు, ఉపసంఘములు. ప్రార్థనకూటమును సిద్ధపరచువారు కొందరు, కొత్తవారిని కనిపెట్టువారు కొందరు. చేతిలో పని లేని సభ్యుడు ఉండరాదని ఏర్పాటు. చేయెత్తి ప్రమాణము చేసినవాడు మరచిపోవచ్చును. బుధవారము సాయంకాలము దీపము వెలిగించు వంతు తనదైనవాడు అంత సులభముగా మరువడు.

కాలేజీ పిల్లవానికి పరీక్షలుండును. పేదయింటి పిల్లకు సాయంకాలము ఇంటిపని యుండును. పొరుగూరికి పాఠము చెప్ప వెళ్లుమన్నచో దారి ఖర్చు ఎవరిత్తురు? తోడు ఎవరు వెళ్లుదురు? సంఘపు వార్షిక లెక్కలు చదువునపుడు గోడల సున్నమునకు ఎంత, యువజనుల పనికి ఎంత అని లేచి అడుగుడు. జవాబు విన్న పిమ్మట, పట్టుదల లేనివారెవరో మాటలాడుకొందము.