అడుగుల లెక్క



వ్యాయామము పడుచువారి పనియని మనలో అనేకులు తలంతురు. నేనును అట్లే తలంచితిని. చిన్ననాడు వెన్నెల రాత్రులలో చెడుగుడు ఆడితిమి. తెల్లవారువఱకు చెక్కభజనలో అడుగు వేసితిమి. అది వ్యాయామమని మాకెవ్వరును చెప్పలేదు, ఆటయని ఆడితిమి. 60 ఏండ్లు దాటిన పిమ్మట మధుమేహము సోకగా వైద్యుడు నడువుమనెను. తోడులేని ఆ నడక నాకు చేదుమందువలె నుండెను. వారము తిరుగకమునుపే మానివైచితిని.

అప్పుడు నా మనుమరాలు చేతిఫోనులో అడుగుల లెక్క చూపెను. నడకలో దేహమునకు గలుగు కుదుపులను అందలి సూక్ష్మపరికరము గ్రహించి లెక్కించును. ప్రొద్దుటూరున నేను, జమ్మలమడుగున నా బావమఱది, పులివెందులలో మా వియ్యంకులు, ముగ్గురమును మధుమేహులమే. రాత్రి కాగానే మా లెక్కలు ఒకరికొకరము పంపుకొన నారంభించితిమి. వియ్యంకుని చేతిలో ఓడిపోవుట యెవరికి సమ్మతము? మఱునాడు నేను పెన్నయొడ్డున ఇంకొక అరమైలు నడచితిని.

దినమునకు 10,000 అడుగులనుట శాస్త్రవాక్యము కాదు. 1965లో జపానున అమ్మకమునకు వచ్చిన అడుగుల కొలమానికి ఆ సంఖ్యను పేరుగా బెట్టిరి. అదియే లోకమంతట ప్రాకెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది వారమునకు కనీసము 150 నిమిషములు వడిగా నడచుటవంటి శ్రమ. 65 ఏండ్లు దాటినవారు వారమున మూడు దినములైనను తూలిపడకుండ నిలుకడనిచ్చు అభ్యాసములు గూడ చేయవలెను.

అయితే ఆట యొక్కటియే చాలదు. 2016లో పోకెమాన్ గో యను ఫోను ఆట అనేకదేశముల జనులను వీధులలో నడిపించెను. అమెరికాలోని యువజనులను పరిశీలింపగా, ఆడినవారు మొదటి వారమున దినమునకు సుమారు 955 అడుగులు అధికముగా నడచిరి. ఆఱవ వారమునకు యథాస్థితికి వచ్చిరి. క్రొత్తదనము తీరెను, నడకయు తగ్గెను.

మమ్ము నిలిపినది వేఱొకటి. ఒక రాత్రి జమ్మలమడుగునుండి లెక్క రాలేదు. మఱునాడును రాలేదు. ఫోను చేయగా, “ముల్లు దిగి కాలు పుండైనది బావా, అదే మానునని యూరకుంటిని” అనెను. మధుమేహికి కాలిపుండు ఊరకుండదగినది కాదు. ఆ దినమే ఆసుపత్రికి గొనిపోయితిమి. పాదము దక్కినది. నాటినుండి ముగ్గురమును చెప్పులు లేక నడువము. రాత్రి పాదములు చూచుకొననిదే పరుండము.

ఫోను లేనివారు గోడపై బొగ్గుగీతలతో లెక్క పెట్టుకొనవచ్చును. పందెము అడుగులదే కావలెను, డబ్బుది కాదు. మీ లెక్క అడుగువా డొకడు, మీరు లెక్క అడుగవలసినవా డొకడు ఉండవలెను. రేపు ప్రొద్దున రచ్చబండ దగ్గఱ అట్టివానిని వెదకుకొనుడు.