వాట్లకన్నా ముందు ఓమ్‌లు

కారులో సబ్‌వూఫర్ పెట్టించేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాల 'మ్యాక్స్ వాట్లు' చూసి మురిసిపోకండి. ఆర్‌ఎంఎస్ అంకె చూడండి; వూఫర్ నిలకడగా మోయగలిగేది అంతే.

అసలు చిక్కు ఓమ్‌లతో, అంటే కరెంటుకు అడ్డుపడే నిరోధంతో. 4 ఓమ్‌ల కాయిళ్లు రెండున్న వూఫర్‌లో వాటిని సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు, వరుసగా కలిపితే 8. అలాంటి వూఫర్లు రెండు తెచ్చి, నాలుగు కాయిళ్లనూ సమాంతరంగా కలిపితే మిగిలేది 1 ఓమే. 2 ఓమ్‌ల వరకే తట్టుకునే యాంప్లిఫయర్‌కు దాన్ని తగిలిస్తే కరెంటు మితిమీరుతుంది. యాంప్లిఫయర్ వేడెక్కి ఆగిపోతుంది, ఒక్కోసారి కాలిపోతుంది కూడా.

2 ఓమ్‌ల దగ్గర 500 వాట్లిచ్చే యాంప్లిఫయర్ 4 ఓమ్‌ల దగ్గర సాధారణంగా అంత ఇవ్వదు. కనుక ముందు వైరింగ్ తేల్చుకుని, ఆ ఓమ్‌ల దగ్గర ఎన్ని వాట్లో యాంప్లిఫయర్ వివరాల కాగితంలో చదివాకే కొనండి. యాంప్లిఫయర్ మీదుండే గెయిన్ మాత్రం వాల్యూమ్ బటన్ కాదు, చివరిదాకా తిప్పకండి.