నల్లగొండ బ్యాలెట్: 480 పేర్లు



ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా ఒకటే ప్రశ్న అడిగారు. జబ్బు తెలిసిన ఎన్నేళ్లకు సర్కారు మంచినీళ్లు ఇస్తుంది? నల్లగొండ విషయంలో ఆ లెక్క చెప్పడానికే వచ్చాను.

ఎముకలను వంచే ఫ్లోరిన్ నీళ్ల గురించి మన ప్రభుత్వాలకు ఏనాడో తెలుసు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో నడుములు బిగుసుకుపోయిన రైతుల గురించి షార్ట్ అనే వైద్యుడి బృందం 1937లోనే వైద్య పత్రికలో రాసింది. నల్లగొండ మీద 1945లో వ్యాసం వచ్చింది. 1970లలో నాగపూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లను శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దాకా వెళ్లింది. కానీ రోజూ పటిక తూచి, కలిపి, అడుగున పేరిన మడ్డి తీసే మనిషికి ఏటా జీతం ఇవ్వాలి. ఆ చిన్న పద్దును పట్టించుకున్న వాళ్లు తక్కువ.

నన్ను ఇప్పటికీ బాధించే సంగతి ఇంకొకటుంది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఈ జిల్లా సరిహద్దులోనే ఉంది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పొలాలను పచ్చగా చేసింది. మర్రిగూడ, మునుగోడు మెట్ట మాత్రం రాతిపొరల్లోకి బోర్లు దించుకుని ఆ ఫ్లోరిన్ నీళ్లే తాగింది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ మెట్ట తన మాట వినిపించింది. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో జనం వరసకట్టి నామినేషన్లు వేశారు. నల్లగొండ బరిలో 480 మంది నిలిచారు. అప్పటికి డిపాజిట్ 500 రూపాయలే. గెలుస్తామని వాళ్లు పోటీ చేయలేదు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఢిల్లీ పత్రికలు నల్లగొండ ఎక్కడుందో వెతుక్కున్నాయి. సీపీఐ అభ్యర్థి ధర్మభిక్షం గారు గెలిచారు, మిగతావాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. అయినా అరవై ఏళ్ల వైద్య పరిశోధన చేయలేని పనిని ఆ పేర్ల జాబితా చేసింది.

అమెరికాలో బామ్‌గార్ట్‌నర్, జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1993లో రాసిన పుస్తకం దీన్ని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. వాళ్లు చెప్పేది ఇదీ: విధానాలు ఏళ్ల తరబడి పెద్దగా కదలవు. నాయకుల దృష్టి ఒక సమస్య మీద పడినప్పుడు ఒక్కసారిగా ఎగిరి దూకుతాయి. బడ్జెట్లూ అంతే, నిరుటి అంకెకు కాస్త కలుపుకుంటూ పోయి ఒక్కోసారి గంతేస్తాయి. నల్లగొండ రైతులు ఆ పుస్తకం చదవలేదు, దాని సారాన్ని ఆచరించారు.

ప్రభుత్వం నుంచి వేగంగా వచ్చిన జవాబు ఏమిటో కూడా చెప్పాలి. అదే ఏడాది చట్టం సవరించి డిపాజిట్‌ను 10,000 రూపాయలకు పెంచారు, స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. ఆ తలుపు మూయడానికి నెలలు చాలాయి. నీళ్లకు ఏళ్లు పట్టింది. కృష్ణా నీళ్లు విడతలుగా వచ్చాయి. కొత్త తెలంగాణ రాష్ట్రంలో 2015 జూన్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. ఆ నల్లాలు గొప్ప మేలు చేశాయి, మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ ఇదే వరస. కిడ్నీ జబ్బు ఊళ్లను ఏళ్లుగా తినేస్తూనే ఉంది. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి 48 గంటల గడువు పెట్టాక కదలిక వేగం పెరిగింది. 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి, ఉద్దానానికి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి.

దృష్టి ఒకచోట పడినప్పుడు మరోచోట చీకటి ఉంటుంది. పైపుకు ప్రారంభోత్సవం ఉంటుంది, వంగిన బొక్కలకు ఉండదు. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగినవాళ్లకు కొత్త నల్లా వెన్నును తిరిగి ఇవ్వదు. వాళ్ల పింఛను, వైద్యం, మోటారు కాలిపోయిన రోజున ఊరు మళ్లీ బోరు దగ్గరికి పోకుండా చూసే ఏర్పాటు, ఇవి ఎన్నికలు లేని ఏడాదిలోనూ పద్దులో ఉండాలి.

దానికి ఒక దారి ఉంది. పంటి పింగాణీ చిన్న వయసులోనే తయారవుతుంది, అప్పుడు తాగిన ఫ్లోరిన్ నీళ్ల గుర్తు మచ్చలుగా దాని మీద నిలిచిపోతుంది. కాబట్టి ఏటా జూన్‌లో ప్రతి ఊరి బడిలో అయిదో తరగతి పిల్లల ముందుపళ్లు పరీక్షించి, మచ్చలున్న వాళ్లెందరో రాసిపెట్టండి. ఆ కాగితాన్ని జిల్లా పరిషత్ సమావేశంలో బడ్జెట్ చర్చకు ముందు చదివించండి. మొదటి ఏడాది లెక్కకు ఈ సభలోని ఉపాధ్యాయులు ముందుకొస్తే వాళ్లతో కలిసి ఊరూరా తిరగడానికి నేను సిద్ధం.